చిన్న ఇంటికి ఏ కుక్క మంచిది?

ప్రశ్న: మాది విశాఖపట్నం కూర్మన్నపాలెంలో రెండు బెడ్‌రూంల అద్దె ఫ్లాటు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మావారు స్టీల్‌ప్లాంటులో షిఫ్టుల్లో పనిచేస్తారు. నేను టీచర్ని. ఉదయం ఎనిమిదింటికి వెళ్తే మళ్లీ సాయంత్రం నాలుగున్నరకే ఇంటికి రావడం. పగలు ఇంట్లో మా అత్తగారు ఉంటారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మా బాబు నాలుగో తరగతి చదువుతున్నాడు. కుక్కపిల్ల కావాలని ఏడాదిగా ఒకటే గొడవ. తెలిసినవాళ్లు పగ్ మంచిదంటున్నారు. మావారి స్నేహితుడు నలభై రోజుల షిట్జు పిల్లను ఇప్పిస్తానంటున్నాడు. బాబుకేమో హస్కీ కావాలి. బొచ్చు రాలకూడదు, ఎక్కువ మొరగకూడదు. అస్తమానం స్నానాలూ డాక్టర్లూ అంటే నావల్ల కాదు. మెయింటెనెన్స్ తక్కువగా ఉండే జాతి ఏదో ఒక్కటి చెప్పండి.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివర్లో రాసిన "నావల్ల కాదు" అన్న మాట. కుక్కను తెచ్చుకునే ముందు ఆ మాట అనేవాళ్లు తక్కువ, తెచ్చుకున్న ఆరు నెలలకు అనేవాళ్లే ఎక్కువ. అప్పటికి ఆ ప్రాణి బాల్కనీ గ్రిల్లుకు కట్టేసి ఉంటుంది, లేదా "ఎవరైనా తీసుకుంటారేమో చూడండి" అని ఫోన్లు మొదలవుతాయి. అలాంటి ఫోన్లు నాకు చాలా వస్తుంటాయి. మీరు ముందే ఆలోచించి, ఇంటి సంగతులన్నీ దాచకుండా రాశారు. నేనూ అటూ ఇటూ తిప్పకుండా చెబుతాను.

మీ ఇంటికి సరిపోయేది నాటు కుక్క. మనం వీధికుక్క అంటామే, అదే. అయితే పిల్లను తీసుకోవద్దు, ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య వయసున్నదాన్ని తీసుకోండి. ఆడదైతే మరీ మంచిది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి ఉండాలి. ఇప్పటికే ఒక ఇంట్లోనో షెల్టర్‌లోనో మనుషుల మధ్య కొన్నాళ్లు మసలినదై ఉండాలి.

జాతి పేరు అడిగితే వీధికుక్క అంటుందేమిటి అని మీ అబ్బాయి ముఖం ముడుచుకుంటాడని తెలుసు. వాడికి కూడా మీరు చదివి వినిపించగలిగేలా కారణాలు రాస్తాను. కుక్కను పెంచడంలో ఎంత పని ఉంటుందన్నది జాతి పేరును బట్టి తేలదు. దాని ముక్కు ఎలాంటిది, బొచ్చు ఎలాంటిది, వయసెంత, ఇవి చూస్తే తేలుతుంది. మన ఊళ్లో అయితే ముందు ముక్కు సంగతే చూడాలి.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే నాలుక చాపి రొప్పాల్సిందే. నోట్లో తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. విశాఖలో చిక్కంతా ఆ ఆవిరి దగ్గరే. ఎండాకాలంలో విజయవాడలో కన్నా ఇక్కడ నాలుగు డిగ్రీలు తక్కువే ఉండొచ్చు. కానీ ఉక్కపోత మనది. మెడ కింద చెమట తుడిచిన చోట మళ్లీ పడుతూనే ఉంటుంది. గాలిలో అంత తేమ ఉన్నప్పుడు కుక్క ఎంత రొప్పినా ఒంట్లో వేడి తొందరగా దిగదు. మూతి పొడుగ్గా ఉన్న కుక్క ఎలాగో నెట్టుకొస్తుంది. చప్పిడి ముక్కున్న పగ్‌కు గాలి వెళ్లే దారే ఇరుకు. మామూలు రోజుల్లోనే అది గురకపెట్టినట్టు ఊపిరి తీస్తుంది. ఆ చప్పుడు విని ముద్దుగా ఉందంటాం కానీ, అది దాని కష్టం.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. 2006లో మా ఇంటికి పగ్ వచ్చింది. సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన చూసి ఊరంతా "హచ్ కుక్క" కోసం వెతికిన కాలం అది. వాణ్ని బుజ్జిగాడని పిలిచేవాళ్లం. ఒక మే నెలలో ఇంటికి చుట్టాలొచ్చి ఉదయం పనులు వెనకబడ్డాయి. రోజూ ఆరింటికి తీసుకెళ్లేదాన్ని ఆ రోజు ఎనిమిదిన్నరకు బయల్దేరాను. పెదవాల్తేరు నుంచి బీచ్ రోడ్డు దాకా దిగి వెనక్కి తిరిగాం, అంతే. ఎత్తు ఎక్కేటప్పుడు వాడి ఊపిరి రంపంతో కర్ర కోస్తున్నట్టు వినిపించింది. వంగి చూస్తే నాలుక ఊదారంగుకు తిరిగి ఉంది. ఒకరి గేటు ముందు నాలుగు కాళ్లూ చాపేసి, పొట్ట నేలకు ఆనించి పడిపోయాడు. ఆ ఇంటావిడ పరుగున కుళాయి నీళ్లు బకెట్‌తో పట్టుకొచ్చింది. పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద పోస్తూ అట్టముక్కతో విసిరాం. డాక్టర్ దగ్గరికి చేర్చేసరికి కూడా ఒంటి వేడి 105 డిగ్రీలు. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 ఉండాలి. వాడు బతికాడు. ఆ తర్వాత మాత్రం ఏటా ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా వాడి లోకమంతా ఏసీ ఉన్న గదే అయిపోయింది.

ఎవరి కుక్కకైనా ఇలా జరిగితే గుర్తుంచుకోండి: ముందు నీడకు చేర్చి మామూలు నీళ్లతో తడపాలి, గాలి తగిలేలా విసరాలి, ఆ తర్వాతే ఆటో ఎక్కించాలి. ఐస్ నీళ్లు పోయకూడదు. తడిపిన తువ్వాలు ఒంటికి చుట్టి అలాగే వదిలేయకూడదు, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

పగ్ చిన్నగా ఉంటుంది కాబట్టి పని తక్కువ అనుకోవడం కూడా పొరపాటే. ముఖం మీది ముడతల్లో తేమ చేరి వాసన వేస్తుంది, పుండ్లు పడతాయి. రోజూ మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. కళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి కుర్చీ కోడు తగిలినా గీరుకుంటాయి. పైగా పొట్టి బొచ్చే అయినా ఏడాది పొడవునా రాలుతుంది. మావారి నల్ల ప్యాంటు మీద బుజ్జిగాడి వెంట్రుక లేని రోజు నాకు గుర్తులేదు.

ఇక షిట్జు. బొచ్చు రాలకూడదన్న మీ కోరికకు అది దగ్గరగా ఉంటుంది, నిజమే. పెద్దగా రాలదు కానీ మన తలవెంట్రుకల్లా పెరుగుతూనే ఉంటుంది. రోజూ చిక్కు తీయాలి, నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి. మన తేమకు రెండు రోజులు దువ్వకపోతే చంకల్లో, చెవుల వెనక ఉండలు కట్టేస్తుంది. ఆ ఉండల కింద చర్మం చెమర్చి ఎర్రబడుతుంది. చెవుల లోపల కూడా బొచ్చు ఉంటుంది, అక్కడ తడి నిలిస్తే చీము పడుతుంది. దాని ముక్కూ చప్పిడే. రోజూ పావుగంట దువ్వెనతో కూర్చోవడం ఇష్టమైనవాళ్లకు అది మంచి తోడు. టీచర్ ఉద్యోగం చేసి, సాయంత్రం వచ్చి వంటింట్లో దూరే మనిషికి కాదు.

ఆ స్నేహితుడు చెబుతున్న నలభై రోజుల పిల్ల గురించి ఇంకో మాట. 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఊరికే పెట్టిన రూలు కాదది. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో పిల్లలు తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఆడుకుంటూ నేర్చుకునేది ఆ రోజుల్లోనే. ముప్పై నలభై రోజులకే విడదీసిన పిల్లలు పెద్దయ్యాక చేతులు కొరికే అలవాటు మానక, ఒంటరిగా వదిలితే తట్టుకోలేక ఇబ్బంది పడటం చాలా ఇళ్లల్లో చూశాను.

హస్కీ విషయంలో మీ బాబుకు ఒక్క సంగతి చెప్పండి. అది సైబీరియాలో మంచు మీద బండ్లు లాగడానికి పుట్టిన కుక్క. ఒంటి మీద బొచ్చు రెండు పొరలు, లోపలిది రగ్గులాంటిది. విశాఖలో దాన్ని ఉంచాలంటే ఏసీ ఆగకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మన ఊళ్లో ఎన్ని రోజులు కరెంటు లేదో వాడికి తెలియదు, మీకూ మీవారికీ తెలిసే ఉంటుంది. మనం మేడ మీదికెక్కి పడుకున్నాం, అది ఏం చేస్తుంది? కరెంటు మీద ఆధారపడి ఊపిరి తీసుకునే ప్రాణిని తుపానుల ఊరికి తేవడం నాకు మనసొప్పదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. మన పాత ఇళ్లల్లో పమేరియన్ అని పిలిచే తెల్ల కుక్క నిజానికి చాలావరకు ఇండియన్ స్పిట్జ్. తెలివైనది, ఇక్కడి వాతావరణానికి బాగానే అలవాటుపడింది. కానీ గుమ్మం ముందు పాలప్యాకెట్టు పడినా మొరుగుతుంది, బొచ్చు విపరీతంగా రాలుతుంది. ల్యాబ్రడార్ మంచి కుక్క, మీ ఫ్లాటుకు పెద్దది. ముప్పై కిలోల కుక్కకు ముసలితనంలో కాళ్లు పట్టుకుపోతే రెండంతస్తులు ఎవరు మోస్తారు? బీగిల్ చిన్నదే కానీ ఒంటరిగా ఉంటే ఊళ వేస్తుంది, ఇరుగుపొరుగుతో మీకు టెన్షన్ తప్పదు. డాషుండ్‌కు నడుము పొడుగు, రోజూ నాలుగైదు సార్లు మెట్లెక్కి దిగితే వెన్నుపూస జారే ప్రమాదం ఉంది. లిఫ్టు లేని ఇంట్లో దాని మాట తలపెట్టొద్దు. మన దేశపు జాతుల్లో ముధోల్, రాజపాళయం పేర్లు ఈమధ్య బాగా వినిపిస్తున్నాయి. అవి పొలాల్లో పరుగెత్తాల్సినవి.

పిల్లను ఎందుకు వద్దన్నానో చెప్పాలి. నా జవాబులో అసలైన ముక్క ఇదే, దీని మీదే మీ ఇంట్లో ఎక్కువ వాదన జరుగుతుంది.

రెండు నెలల పిల్ల మూత్రం ఆపుకోగలిగేది రెండు మూడు గంటలే. మీరు ఇంట్లో లేనిది ఎనిమిదిన్నర గంటలు. ఆ మధ్యలో నేల తుడిచేది ఎవరు? మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు. అది ఒక ఎత్తు. అంతకన్నా భయపెట్టే విషయం ఇంకొకటి ఉంది. కుక్కపిల్ల మనిషి నడుస్తుంటే పక్కన నడవదు, కాళ్ల మధ్య నడుస్తుంది. చీర కుచ్చిళ్లు పట్టి లాగుతుంది. అప్పుడప్పుడే తుడిచిన టైల్స్ మీద, చేతిలో కాఫీ గ్లాసుతో నడిచే పెద్దావిడ కాళ్లకు రెండు కిలోల పిల్ల అడ్డం పడితే ఏమవుతుందో ఆలోచించండి. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక కుక్క మంచిదా చెడ్డదా అన్న చర్చ ఎందుకూ పనికిరాదు. పిల్లకు పళ్లు మారే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చెప్పులు, సోఫా మూలలు, చార్జర్ వైర్లు, మీ బాబు హోంవర్కు అన్నీ నోట్లోకే వెళ్తాయి. టీకాల వరస, నులిపురుగుల మందు, పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు వస్తుందేమోనన్న భయం ఇవన్నీ మొదటి ఏడాదే. మీరు వద్దన్న డాక్టర్ చుట్టూ తిరగడం ఎక్కువగా ఉండేది అప్పుడే.

ఏడాదిన్నర దాటిన కుక్క విషయంలో మీరు కొనేది ఆశను కాదు, కళ్లెదుట ఉన్నదాన్ని. ఎంత పెరుగుతుందో చూసేశారు. పిల్లలంటే ఎలా ఉంటుందో, మొరుగుతుందో లేదో, ఒంటరిగా వదిలితే పడుకుంటుందో తలుపు గోకుతుందో దాన్ని చూసుకునేవాళ్లను అడిగితే చెబుతారు. పిల్ల విషయంలో ఎవరు చెప్పినా అది ఊహే. "పెద్దదైతే మనకు అలవాటు పడుతుందా?" అని అందరూ అడుగుతారు. పడుతుంది. కుక్క అలవాటుపడేది తనకు అన్నం పెట్టి, రోజూ ఒకే వేళకు బయటికి తీసుకెళ్లి, తనను భయపెట్టని మనిషికి. దానికి వయసు అడ్డం కాదు.

హుద్‌హుద్ రాత్రి మా మెట్ల కింద దూరిన కుక్కను మర్నాడు చూశాం. ఎరుపూ గోధుమా కలిసిన రంగు, రొమ్ము మీద రూపాయంత తెల్ల మచ్చ. అందుకే చుక్క అని పేరు. డాక్టర్ పళ్లు చూసి ఏడాది దాటి ఉంటుందన్నారు. మొదటి వారం ఫ్యాను తిరిగితే మంచం కిందికి పోయేది. కుక్కర్ విజిల్ వేస్తే ఒళ్లంతా వణికేది. మెట్లు ఎక్కడం వచ్చు కానీ దిగడానికి భయం, ఒక్కో మెట్టు మీద ఉడికిన కోడిగుడ్డు ముక్క పెట్టి నేర్పించాం. మూడో వారంలో ఒక మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే వచ్చి నా మోకాలికి వీపు ఆనించి పడుకుంది. అప్పటి నుంచి పదేళ్లు దాటింది. ఒక ఆపరేషను, ఏటా టీకాలు, రెండు సార్లు పిడుదుల వల్ల జ్వరం తప్ప దాని కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బొచ్చు పొట్టిగా, ఒంటికి అంటుకుని ఉంటుంది. అసలు రాలదని చెప్పను, వారానికోసారి రబ్బరు బ్రష్షుతో దువ్వితే ఆ బ్రష్షులోకే వచ్చేస్తుంది. నెలకోసారి స్నానం. నాటు కుక్క ఈ ఎండలో, ఈ ఉప్పుగాలిలో తరతరాలుగా బతికి నిలిచిన ప్రాణి. మనిషి అందం కోసం ముక్కు నొక్కలేదు, కాళ్లు కురచ చేయలేదు. అదే దాని ఆరోగ్యం.

దాని లోపాలు కూడా చెప్పాలి. కొత్తవాళ్లను చూస్తే మొరుగుతుంది. ఇంటికి కాపలా కాయడం దాని స్వభావం, పూర్తిగా మాన్పించలేరు. కాలింగ్ బెల్ మోగగానే తన చాప మీదికి వెళ్లి కూర్చుంటే ఏదైనా తినిపించడం అలవాటు చేస్తే నాలుగు అరుపులతో ఆగుతుంది. అందరి ఒళ్లోకీ ఎక్కి ఆడుకునే రకం కాదు, తన వాళ్లతోనే ఉంటుంది. బయటికి తీసుకెళ్తే వీధిలో కుక్కలు మన వీధిలోకి ఎవరొచ్చారని చుట్టుముడతాయి. రోజూ ఒకే దారిలో, ఒకే వేళకు వెళ్తే పది పదిహేను రోజుల్లో అవి పట్టించుకోవడం మానేస్తాయి. అప్పటిదాకా చేతిలో కర్ర ఊరికే ఉంచుకోండి, విసరొద్దు. ఈ కారణంగానే లీష్ బాబు చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు, పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

అలాగని మీ వీధిలో హాయిగా తిరిగే పెద్ద కుక్కను పట్టుకొచ్చి ఫ్లాటులో పెట్టకండి. దానికి ఆ వీధే ఇల్లు. షెల్టర్‌లో ఉన్నవాటిని, ప్రమాదం నుంచి కాపాడి ఎవరో తాత్కాలికంగా ఇంట్లో పెట్టుకున్నవాటిని చూడండి. మన ఊళ్లో విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ 1996 నుంచి పనిచేస్తోంది, వీఎస్‌పీసీఏ అంటే చాలామందికి తెలుసు. కుక్కల డాక్టర్ల దగ్గర కూడా అడగండి, ఎవరి దగ్గర ఏ కుక్క ఇల్లు కోసం ఎదురుచూస్తోందో వాళ్లకు తెలుస్తుంది. చెవి చివర చిన్న కత్తిరింపు ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. రేబిస్ టీకా కార్డు చేతికి తీసుకోండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు నలుగురూ వెళ్లండి, ముఖ్యంగా మీ అత్తగారు. పగలంతా దానితో ఉండేది ఆవిడే కదా, అందుకే ఆవిడ ఒప్పుకోనిదే తేవొద్దు. వెళ్లి కుక్క మీదికి వంగి తల నిమరకండి. కాస్త దూరంలో పక్కకు తిరిగి కూర్చోండి. అది తనంతట తాను వచ్చి చేతి వెనక భాగం వాసన చూస్తే, మీ బాబు గట్టిగా నవ్వినా బెదిరి పారిపోకుండా చెవులు తిప్పి చూసి ఊరుకుంటే, అన్నం గిన్నె దగ్గర మనిషి నిలబడినా గుర్రుమనకపోతే అది మీ ఇంట్లో ఇమిడిపోతుంది. అన్నిటికన్నా ముందు పరుగెత్తుకొచ్చి మీదికి దూకేదాన్ని చూసి మురిసిపోవద్దు, మీ అత్తగారి మీదికీ అలాగే దూకుతుంది. ఒక్కసారి చూసి తీసుకోకుండా మరో ఆదివారం ఇంకోసారి వెళ్లండి.

దానికన్నా ముందు ఇంటి ఓనర్‌తో మాట్లాడండి. పెంపుడు కుక్కలు ఉండకూడదని అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధం పెట్టడానికి వీల్లేదని 2015లోనే జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ మీరు అద్దెకున్నారు, అగ్రిమెంటులో ఏం రాసుకున్నారన్నది వేరే సంగతి. ఓనర్ సరేనంటే ఆ మాట కాగితం మీద ఒక్క వాక్యం రాయించుకోండి. కుక్కలు మళ్లీ వీధిన పడేది ఎక్కువగా ఇల్లు మారేటప్పుడే. మన నగర పాలక సంస్థ జీవీఎంసీలో పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవాలి, టీకా కార్డు ఉంటే ఆ పని సులువు.

రోజువారీ పనికి వస్తే, ఉదయం అరగంట, సాయంత్రం అరగంట నడక తప్పదు. వర్షమైనా, పండగైనా తప్పదు. మీవారికి ఏ-షిఫ్టు ఉన్న వారం తెల్లారకముందే ఆయన వెళ్లిపోతారు కాబట్టి ఉదయం నడక మీది. నైట్‌షిఫ్టు వారం ఆయన ఇంటికి రాగానే తీసుకెళ్లి, వచ్చి పడుకోవచ్చు. వారం వారం ఎవరి వంతో క్యాలెండర్ మీద రాసి వంటింట్లో తగిలించండి. ఏప్రిల్, మేలలో ఆరున్నరకల్లా వెనక్కి వచ్చేయాలి. సాయంత్రం రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించి చూడండి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

మన సముద్రపు ఊళ్లో కుక్కకు అసలు శత్రువులు పిడుదులు. రాత్రి టీవీ చూస్తూ ఐదు నిమిషాలు చెవుల లోపలి మడతలు, కాలివేళ్ల మధ్య, మెడ బెల్టు కింద వేళ్లతో తడమండి. గింజలా తగిలితే అదే. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, నలపకూడదు. కుక్క మందకొడిగా ఉండి, తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. పిడుదుల జ్వరం ఆలస్యం చేస్తే రక్తం తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుంది. బరువును బట్టి నెలకో, మూడు నెలలకో ఇచ్చే మందు డాక్టర్ రాస్తారు. పశువులకు వాడే మందు నీళ్లలో కలిపి పోయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినొద్దు.

తిండి విషయంలో మనవాళ్లు పాలన్నం, పెరుగన్నం పెట్టి అయిపోయిందనుకుంటారు. కుక్కకు మాంసకృత్తులు కావాలి. అన్నంలో ఉడికించిన కోడిగుడ్డో, ఉప్పూ కారం లేని చికెనో, ఉడికిన గుమ్మడికాయ, క్యారెట్ ముక్కలో కలిపి పెట్టండి. మీ ఇంట్లో మాంసం వండకపోతే ప్యాకెట్టులో దొరికే మంచి డాగ్‌ఫుడ్ పెట్టండి, తప్పేం లేదు. పాలు చాలా కుక్కలకు అరగవు, విరేచనాలవుతాయి. మిగిలిన కూర కలపొద్దు, అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ విషమే. గుడి నుంచి తెచ్చిన చక్కెర పొంగలి దానికీ కాస్త పెడదామని మీ అత్తగారికి ప్రేమ పుడుతుంది, అందులో కిస్మిస్ ఉంటుందని ముందే చెప్పి ఉంచండి. ఉడికిన చికెన్ ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి, ఆ ప్లేటు అందకుండా పెట్టండి.

పూజగది గురించి మీరు రాయలేదు కానీ పెద్దలున్న ఇంట్లో ఆ మాట రాకుండా ఉండదు. గుమ్మానికి అడ్డంగా రెండడుగుల చెక్క పెట్టి, మొదటి రోజు నుంచే అక్కడికి వెళ్లనివ్వకపోతే నెలలోపు ఆ గీత దానికి తెలిసిపోతుంది. చుక్క మా దేవుడి గది గడప దాటింది లేదు.

బాబుకు నేర్పాల్సినవి రెండే. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకూడదు. గోరు గీరుకున్నా, పన్ను తగిలినా దాచకుండా వెంటనే చెప్పాలి. టీకాలు వేసిన కుక్కయినా సరే, గాయాన్ని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. తిడతారన్న భయంతో పిల్లలు దాచడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి. "నువ్వు చెబితే కుక్కను పంపించం" అని ముందే మాట ఇవ్వండి.

మంచి సమయం కూడా చూసుకోండి. దీపావళికి నెల ముందు తేవొద్దు, కొత్త ఇంట్లో ఆ చప్పుళ్లు దాన్ని హడలగొడతాయి. స్కూలు సెలవులు మొదలయ్యే రోజు తీసుకురండి, మొదటి రెండు వారాలు మీరు ఇంట్లో ఉంటారు. ఆ రెండు వారాల్లోనే మీరు లేకుండా ఉండటం నేర్పాలి. తలుపు వేసుకుని మెట్ల మీద ఐదు నిమిషాలు నిలబడండి, మర్నాడు పది నిమిషాలు, తర్వాత పాలు తెచ్చుకునేంత సేపు. వెళ్లేటప్పుడు బుజ్జగింపులు వద్దు, వచ్చాక హడావుడి వద్దు.

మొదటి రాత్రి అది మూలగొచ్చు, తినకపోవచ్చు. హాల్లో గాలి తగిలే మూల చూసి పడక వేయండి. దానికి కొత్త పరుపు కొనకండి. మీ అత్తగారు నాలుగు రోజులు కట్టి విడిచిన పాత నూలు చీర ఒకటి ఉతక్కుండా మడిచి పరవండి. పగలంతా తనతో ఉండబోయే మనిషి వాసన దానికి ముందు ఆ చీరలోనే తెలుస్తుంది.